కనపడుతూ నడపరా చిన్నా

నందిగామ,
ఆదివారం.

చి. చిన్నాకి మావయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. ఫోన్‌లో చెబితే "సరే మావయ్యా" అని పెట్టేస్తావు, అందుకే కాగితం మీద రాస్తున్నాను. పగలు నీ బైకు లైటు వెలుగుతోందని ఎదురొచ్చే ప్రతివాడూ గుప్పిట తెరిచి మూసి సైగ చేస్తున్నాడనీ, విసుగొచ్చి మెకానిక్ చేత స్విచ్ పెట్టించి ఆపేశాననీ గొప్పగా రాశావు. ఒరే, ఆ సైగ చేసినవాడు నిన్ను చూశాడనేగా అర్థం! ఆ లైటు చేయాల్సిన పని అదే. 2017 ఏప్రిల్ నుంచి కొత్త టూవీలర్లన్నిటికీ ఇంజనుతోపాటే లైటు వెలగాలని నియమం పెట్టింది మిట్టమధ్యాహ్నం నీకు దారి చూపించడానికా? నువ్వు పదిమందికీ కనపడాలని.

బస్సు స్టీరింగ్ ముందు కూర్చుని బతికినవాణ్ణి కాబట్టి చెబుతున్నా. అడ్డరోడ్డు నుంచి హైవే ఎక్కే డ్రైవరు అటూ ఇటూ చూస్తాడు. అతని కళ్ళు వెతికేది లారీని, బస్సుని. నీ బండి ఎదురుగా చూస్తే ఎంతనీ! చిన్నది కాబట్టి ఇంకా దూరంలోనే ఉందనిపిస్తుంది, నెమ్మదిగా వస్తోందనిపిస్తుంది. పైగా ముందద్దం పక్కనుండే కమ్మి చాటున బండీ మనిషీ మొత్తం దాగిపోతారు. అతనూ కదులుతూ నువ్వూ కదులుతుంటే ఒక్కోసారి ఆ చాటు కూడా నీతోపాటే జరుగుతుంది. తీరా గుద్దాక "చూశానండీ, ఎవరూ లేరు" అంటాడు. అబద్ధమాడుతున్నాడని అందరూ అతని మీద పడతారు గానీ, పాపం, నిజంగానే చూశాడు. మన ఇంట్లోనూ ఇలాగే జరిగిందని నీకు తెలుసు, మళ్ళీ ఎత్తను.

భోంచేస్తున్నావా వేళకి? సన్నబడ్డావని మీ అమ్మ బెంగ.

అసలు నా బాధంతా ఆ నలుపు గురించి. నల్ల బండి, నల్ల హెల్మెట్, నల్ల జాకెట్, వీపున నల్ల సంచి. చాలదన్నట్టు వెనక లైటుకి నల్ల స్టిక్కర్ కూడా అంటించావట! ఆ అవతారంతో సెకండ్ షిఫ్టు దిగి రాత్రికి రాత్రే హైదరాబాద్ నుంచి బయల్దేరతావు. మా వీధిలో పాలాయన గేదెల కొమ్ములకే రేడియం స్టిక్కర్ చుట్టాడు. గేదెకున్న భద్రత నా మేనల్లుడికి లేకపోయింది.

నేను కొత్తగా నైట్ సర్వీసు ఎక్కిన రోజుల్లో ఇదే రోడ్డు రెండు లైన్లు. సంత నుంచి సైకిళ్ళ మీద వచ్చే ముసలాళ్ళకి లైటుండదు, బ్రేకు అంతంతమాత్రం. అయినా తెల్ల పంచె, తెల్ల తలపాగా, మన లైటు పడగానే అంత దూరాన మెరిసేవాళ్ళు. చిల్లకల్లు దాటాక కండక్టరు టీకి ఆపమనేవాడు, అక్కడ వేడివేడి ఉల్లిగారెలు... సరే, ఆ కథ నువ్వొచ్చాక.

ఇది ముసలాడి చాదస్తం అనుకుంటావని తెలిసినవాళ్ళ చేత చదివించుకున్నాను. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో బైకు ప్రమాదాల మీద చేసిన పరిశోధన 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిందట. మెరిసే బట్టలు వేసుకున్నవాళ్ళకి గాయాలయ్యే ప్రమాదం 37 శాతం తక్కువ, పగలు లైటు వేసుకున్నవాళ్ళకి 27 శాతం తక్కువ. నల్ల హెల్మెట్ కంటే తెల్ల హెల్మెట్ వాళ్ళకి 24 శాతం తక్కువ. ఇక మన దేశంలో 2022లో రోడ్ల మీద పోయినవాళ్ళు 1,68,491 మంది. నూటికి 44 మందికి పైగా రెండు చక్రాల మీద వెళ్ళినవాళ్ళే. కోప్పడుతున్నానని అనుకోకు నాన్నా, ఈ లెక్క విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ముందు ఆ స్విచ్ పీకించు. వెనక లైటు మీది స్టిక్కర్ ఒలిచెయ్. హెల్మెట్ వెనక, సంచి మీద రేడియం అంటించు. రోడ్డు పనివాళ్ళు వేసుకునే పసుపు జాకెట్ ఒకటి కొనుక్కో. పగలు దాని రంగు పనిచేస్తుంది, రాత్రి దాని మీది వెండిరంగు మెరుపు పట్టీలే పనిచేస్తాయి. ఎదురు బండి వస్తే లైటు డిమ్‌లో పెట్టు. కళ్ళలోకి కొడితే అతనికి నువ్వే కాదు, రోడ్డే కనపడదు. బస్సుకి ఎడమపక్క ఆనుకుని ఎప్పుడూ వెళ్ళకు. దాని అద్దంలో డ్రైవరు మొహం నీకు కనపడలేదంటే అతని లెక్కలో నువ్వు లేవు. ఇన్ని చేసినా, అతను నిన్ను చూసే ఉంటాడని మాత్రం నమ్మకు. బ్రేకు మీద వేలు ఉంచు.

అత్తయ్య గోంగూర పచ్చడి పెట్టి ఉంచింది. ఈసారికి బస్సులో రా. పెళ్ళి సంబంధం వాళ్ళకి నీ ఫొటో పంపాలంటోంది మీ అమ్మ. తెల్ల హెల్మెట్ కొని, అది చేత్తో పట్టుకుని దిగిన ఫొటో నాకు పంపు. అంతదాకా ఆ మాట నేను ముందుకి కదపను.

ఇట్లు,
మీ మావయ్య