వేదనోపశమనమున పదవివేకము: ‘వాతము’ అను వ్యవహారముపై పరిశీలనము

మూడు మాసములకు మించి నిలుచు నొప్పిని, లేక మరల మరల వచ్చుచు అంతకాలము వీడని నొప్పిని నేటి వైద్యశాస్త్రము దీర్ఘకాలిక వేదనగా పరిగణించుచున్నది. అట్టి నొప్పికి ఔషధముతోపాటు తైలమర్దనము, కాపడము, పట్టు, పథ్యము, ఆసనములు మున్నగు అనుబంధోపచారములు తెలుగునేల అంతటను వాడుకలో ఉన్నవి. వాల్మీకిపురము, మదనపల్లె, పుంగనూరు ప్రాంతములలో టమాటా, వేరుసెనగ చేలలో నడుము వంచి పనిచేయువారికి మోకాటినొప్పియు నడుమునొప్పియు కొత్తవి కావు. ‘అది వాతము, నూనె రాసిన తగ్గును’ అనుట అచ్చటనే గాక అంతటను విననగు మాట. ఈ మాటకు ఆధారమని తలచబడు శాస్త్రవచనములు నిజముగా ఏమి చెప్పుచున్నవో విచారించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

1. నొప్పిని తెలుపు పదములు

చరకసంహిత సూత్రస్థానము నాల్గవ అధ్యాయమున ఏబది మహాకషాయవర్గములు చెప్పబడినవి. వానిలో నొప్పికి సంబంధించినవి ముఖ్యముగా మూడు: అంగమర్దప్రశమనము, శూలప్రశమనము, వేదనాస్థాపనము. ఇవి పర్యాయపదములే అయినచో మూడు వర్గములతో పని లేదు. వానియందలి ద్రవ్యములే భేదమును చూపుచున్నవి. అంగమర్దవర్గమున ఆముదము, వాకుడు, చందనము, వట్టివేరు మొదలగునవి ఉన్నవి. ఇవి ఒళ్ళునొప్పులకు ఉద్దేశింపబడినవి. శూలవర్గమున పిప్పలి, మిరియము, శొంఠి, చిత్రమూలము, జీలకర్ర కలవు. దీపనపాచనములైన ఈ ద్రవ్యములను బట్టి ఇచట శూలశబ్దము ప్రధానముగా కడుపునొప్పిని చెప్పుచున్నదని తెలియును. వేదనాస్థాపనవర్గమున సాలము, కదంబము, దిరిసెన, అశోకము, బూరుగుబంక మున్నగునవి కలవు.

ఇందు ‘స్థాపన’ శబ్దము గమనింపదగినది. పుట్టిన వేదనను పోగొట్టి శరీరమును ప్రకృతియందు నిలుపునదని పదునొకండవ శతాబ్దివాడైన చక్రపాణిదత్తుడు దీనిని వివరించెను. ‘నొప్పిని చంపు మందు’ అను అనువాదము ఈ అర్థములో సగమును మాత్రమే అందించును. తెలుగుననూ పోటు, సలుపు, పీకు, గుంజు, మంట, తిమ్మిరి అని వేరువేరు మాటలు ఉన్నవి. తోదమునకు పోటు, దాహమునకు మంట, సుప్తికి మొద్దుబారుట అని సరిపోల్చి చెప్పవలసియుండగా, అన్నిటికిని ‘నొప్పి’ అనియే వ్రాసినచో మూలమందలి రోగభేదము మరుగున పడును.

వేదనకు మనస్సును, ఇంద్రియసహితమైన దేహమును ఆశ్రయములని చరకసంహిత శారీరస్థానము మొదటి అధ్యాయము చెప్పుచున్నది. అంతర్జాతీయ వేదనాధ్యయన సంఘము 2020లో సవరించిన నిర్వచనమున కూడ నొప్పి ఇంద్రియానుభవము మాత్రమే కాదు, భావానుభవము కూడ. రెండింటి సిద్ధాంతభూమికలు వేరైనను, నొప్పిని దేహమునకు మాత్రమే పరిమితము చేయకుండుటలో అవి ఏకీభవించుచున్నవి.

2. వాతసూత్రమునకు సందర్భము

వాతము లేక నొప్పి లేదను సుశ్రుతవాక్యము తరచుగా ఉదాహరింపబడును. అది సూత్రస్థానము పదునేడవ అధ్యాయములోనిది. ఆ అధ్యాయము వ్రణశోథము పచ్చిదా పక్వమా అని నిర్ణయించుటకు ఏర్పడినది. వాతము లేక నొప్పి, పిత్తము లేక పాకము, కఫము లేక చీము కలుగవని చెప్పి, మూడు దోషముల వ్యాపారమును ఒకచోట చూపుటయే అచట వివక్షితము. నొప్పి గల ప్రతి రోగమునకును తైలమే చికిత్స అని దానివలన సిద్ధింపదు.

3. తైలము తగుచోటు, తగనిచోటు

చరకసంహిత చికిత్సాస్థానము ఇరువదియెనిమిదవ అధ్యాయమున సంధిగతవాతము చెప్పబడినది. కీలు తాకినప్పుడు గాలి నిండిన తిత్తివలె తోచును, చాచుట ముడుచుటలయందు నొప్పి కలుగును. ఇట్టి వాతవ్యాధులయందు స్నేహనస్వేదనములు ముఖ్యములు. మాధవనిదానము ప్రత్యేకాధ్యాయమున నిరూపించిన ఆమవాతము దీనికి భిన్నము. అందు అజీర్ణజన్యమైన ఆమము వాతముతో కూడి సంధులను వాపుతో బాధించును. దీనికి చక్రదత్తము లంఘనముతో ఆరంభించి, ఇసుక మూటతో రూక్షస్వేదమును విధించుచున్నది. అనగా ఒక కీలునొప్పికి నూనె, మరియొక కీలునొప్పికి పొడి ఇసుక. వ్యవహారమున రెండును ‘కీళ్ళవాతము’లే.

ఊరుస్తంభప్రకరణము, అనగా చికిత్సాస్థానము ఇరువదియేడవ అధ్యాయము, ఇంకను స్పష్టము. కఫము, మేదస్సు, ఆమము కారణముగా తొడలు బిగిసి కదలని ఈ రోగమును తెలియక వాతమని శంకించి నూనెతో చికిత్స చేసినచో, పాదములు బలహీనమై మొద్దుబారి ఎత్తుట కష్టమగునని గ్రంథకర్తయే హెచ్చరించెను. దానికి విధింపబడిన బాహ్యోపచారములలో వల్మీకమృత్తిక, అనగా పుట్టమన్ను, కానుగ మొదలగువాని చూర్ణములతో గట్టిగా రుద్దుట ఒకటి. వాల్మీకి నామమునకు మూలమైన వల్మీకశబ్దమే ఇచట ఔషధద్రవ్యమును తెలుపుచున్నది. ఆ మహర్షి పేరు వహించిన ఊరి చుట్టుపట్ల పుట్టమన్ను, కానుగచెట్టు పరిచితములే. పరిచితద్రవ్యము లభించినంతమాత్రమున చికిత్స సిద్ధింపదు. రోగనిర్ణయము ముందు నడువవలెను.

4. ఉపశయము, యాప్యత్వము

నిదానపంచకములో ఉపశయము ఒకటి. లక్షణములు గూఢములైన వ్యాధిని ఉపశయానుపశయములచే పరీక్షింపవలెనని విమానస్థానము విధించుచున్నది. కావున ఉపచారము వలన కలుగు ఉపశమనము రోగికి సుఖము, వైద్యునకు సాక్ష్యము. నూనె రాసిన పిదప నొప్పి పెరిగినచో అదియు సాక్ష్యమే. దానిని లెక్కింపక అదే ఉపచారమును కొనసాగించుట శాస్త్రసమ్మతము కాదు.

పూర్తిగా నయము కాకున్నను చికిత్సచే నిలుపదగిన వ్యాధి యాప్యము. కూలబోవు ఇంటిని చక్కగా నాటిన ఊతగుంజ నిలుపునట్లు తగిన క్రియ యాప్యరోగిని నిలుపునని సుశ్రుతుని ఉపమానము. అనుబంధోపచారములకు తగిన స్థానము ఇదియే. గుంజ ఇంటికి అవమానము కాదు, అట్లని గుంజయే ఇల్లు కాదు. కీళ్ళను క్షయింపజేయు రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ వంటి రోగమున తొలిదశలోనే వైద్యపరీక్షయు తగిన ఔషధమును అవసరము. కాపడముతో నెలలు గడిపినచో కీలు చెడును, చెడిన కీలు తిరిగి యథాస్థితికి రాదు.

5. ఉపసంహారము

అనుబంధోపచారములను శాస్త్రము నిరాకరింపలేదు. అవి ఎవరికి, ఏ దశలో, ఏ ద్రవ్యముతో అని నియమించెను. ఆయుర్వేదగ్రంథములను బోధించు ప్రాచ్యకళాశాలాధ్యాపకులు వాక్యమును సందర్భముతో, పదమును సరియైన తెలుగుమాటతో అందించినచో అది వ్యాకరణసేవతో ముగియదు. ‘వాతము’ అను ఒక్కమాట వెనుక దాగిన వేరువేరు రోగములు విద్యార్థికి, అతనిద్వారా ఊరికి, వేరువేరుగా కనబడును.