హెచ్.ఐ.వి. సోకినవారికి గంజాయి వలన జ్ఞాపకశక్తి చెడునా?

మన గ్రామములలో హెచ్.ఐ.వి. మాట నేటికిని గుసగుసగానే వినబడుచున్నది. గంజాయి మాట అట్లు కాదు. రచ్చబండ కడనే వినవచ్చును. ఈ రెండును ఒకే మనిషియందు కలిసినపుడు అతని మెదడున కేమి జరుగునో పంచాయతీ సభ్యులు తెలిసికొననేల అని కొందరడుగవచ్చును. 2021 నాటి జాతీయ అంచనాల ప్రకారము దేశమందలి వయోజనులలో నూటికి 0.21 వంతు మందికి ఈ వైరస్ ఉండగా, తెలంగాణలో 0.47, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 వంతున ఉన్నట్లు తేలినది. సగటున చూచినచో ఆంధ్రప్రదేశ్‌లో వేయిమంది పెద్దలున్న గ్రామమున ఆరేడుగురు ఉండవచ్చును. ఇక తూర్పు కనుమల ఏజెన్సీలో దొంగచాటుగా పండించబడుచు వచ్చిన గంజాయి మైదానపు ఊళ్ళకును చేరుచున్న సంగతి మీరెరిగినదే.

హెచ్.ఐ.వి. శరీరమందలి రక్షక కణములను మాత్రమే దెబ్బతీయునని చాలమంది తలంతురు. కాని అది సోకిన కొలది వారములలోనే మెదడునకు కూడ చేరును. అచ్చట నాడీకణములలో కాక, మెదడునకు కావలి కాయు కణములలో దాగి, వాటిని ఎడతెగక రేపుచుండును. అందువలన కలుగు వాపుచే నాడీకణముల పని మందగించును. సరియైన చికిత్స లేని దినములలో కొందరు రోగులు పూర్తిగా మతి తప్పి, నడక తడబడి, మంచము పట్టెడివారు. 1996 ప్రాంతమున అనేక మందులను కలిపి వాడు చికిత్స వచ్చినది. మన దేశమున 2004 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వము దానిని ఉచితముగా అందించుచున్నది. నాటి తీవ్రరూపము నేడు అరుదు. తేలికరూపము మాత్రము కొందరిలో నిలిచియున్నది: చెప్పినమాట మరచుట, లెక్కలో తడబడుట, ఒక పని నుండి మరియొక పనికి మనస్సును త్రిప్పుకొనలేకపోవుట.

దీనిని పసిగట్టుటకు వైద్యులు వాడు చిన్న పరీక్ష యొకటి గలదు. రోగికి నాలుగు మాటలు చెప్పుదురు. అయిదు సెకండ్లలో బొటనవ్రేలిని చూపుడువ్రేలితో ఎన్నిసార్లు తాకించగలడో లెక్కింతురు. పిడికిలి, అరచేయి, చేతి అంచు అను మూడు భంగిమలను వరుస తప్పక చేయింతురు. చివర ఆ నాలుగు మాటలను తిరిగి చెప్పుమందురు. పండ్రెండు మార్కులకు పది, అంతకు తక్కువ వచ్చినచో లోతుగా పరీక్షింపవలెనని సూచన. దీనిని చదివి ఎవరును చావడిలో పరీక్షలు పెట్టరాదని మా మనవి. రక్తహీనత, బి-12 విటమిను లోపము, మద్యము, మనోవ్యాకులత, చదువు లేమి — వీనిలో ఏదైనను మార్కులను తగ్గింపగలదు.

ఇక గంజాయి. దానియందు మత్తు కలిగించు ముఖ్యపదార్థమును 1964లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు మెషూలమ్, గావోనీ వేరుచేసి చూపిరి. క్రొత్త సంగతులను గుర్తుంచుకొనుటకు ఆధారమైన మెదడు భాగమున ఈ పదార్థము పట్టుకొను స్థానములు విస్తారముగా నున్నవి. మత్తులోనున్నవాడు తాను ప్రారంభించిన మాటనే మరచిపోవుటకు కారణమిదియే. ఇది క్రొవ్వులో చేరి నిలుచును గావున, నిత్యము త్రాగువాని విషయమున ఒకపూట మానినంతమాత్రమున ప్రభావము తీరదు.

“ఈ జబ్బుకు గంజాయి మందేగదా, అమెరికాలో ఇచ్చుచున్నారట” అనువారును కలరు. ఆ మాటకు కొంత మూలము లేకపోలేదు. ఎయిడ్స్ వలన ఆకలి చచ్చి చిక్కిపోవువారి కొరకు గంజాయి సారమువంటి గుళికను అచటి ప్రభుత్వము 1992లో అంగీకరించినది. 2007లో శాన్‌ఫ్రాన్సిస్కో వైద్యులు ప్రకటించిన పరిశోధనలో, హెచ్.ఐ.వి. వలన నరముల మంటలు కలిగినవారికి దానిపొగ కొంత ఉపశమన మిచ్చినది. అది ఏబదిమందితో, ఆసుపత్రిలో, కొలది దినములు జరిగినది. నొప్పి తగ్గుట వేరు, వైరస్ తగ్గుట వేరు. గంజాయి వైరస్‌ను అణచదు.

జ్ఞాపకశక్తి విషయమున పరిశోధనలు ఏకముఖముగా లేవు. వ్యాధి ముదిరినవారిలో అధికముగా త్రాగువారు జ్ఞాపకశక్తి పరీక్షలలో వెనుకబడినట్లు కొన్ని చూపినవి. మరికొన్నిటిలో తేడా కానరాలేదు. మెదడు వాపు గుర్తులు తక్కువగా కనిపించిన పరిశోధనలును కలవు. ఈ తగవు తీరువరకు మనము వేచియుండనక్కరలేదని మా అభిప్రాయము. ఏలయన రోగి ప్రాణము దినమునకొక మాత్రపై ఆధారపడియున్నది. మాత్ర పలుమార్లు తప్పినచో వైరస్ తిరిగి విజృంభించును. మందునకు లొంగని రూపము తాల్చును. మాత్రను విడువక వాడి, రక్తములో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి, అట్లే నిలిచినవారి నుండి సంభోగము ద్వారా ఇతరులకది సోకదు. ఇంతటి మేలు “నేడు మ్రింగితినా, లేదా” అను చిన్న జ్ఞాపకముపై నిలిచియుండగా, ఆ జ్ఞాపకమునే మసకబరచు అలవాటు ఎట్టిదో సభ్యులే యోచింపవచ్చును. పొగ వలన ఊపిరితిత్తులకు కలుగు కీడు దీనికి అదనము. ఈ రోగులకు క్షయ భయము మొదటినుండియు ఉన్నదే.

అట్టివాని సంగతి తెలిసినపుడు సభ దృష్టికి తేవలదు. 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టము 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో నున్నది. నమ్మి చెప్పినవాని సమ్మతి లేక అతని వ్యాధిని బయటపెట్టుట దానిచే నిషిద్ధము. గంజాయి సేవనము కూడ నేరమే కావున అతడు రెండు విధముల భయపడుచుండును. కాని 1985 నాటి మాదకద్రవ్యముల చట్టమున 64-ఎ అను సెక్షను గలదు. వ్యసనపరుడు తానై ముందుకు వచ్చి ప్రభుత్వము గుర్తించిన చోట చికిత్స పొందినచో, సేవనమునకును స్వల్ప పరిమాణము దగ్గర నుంచుకొనుటకును అతనిపై కేసు నడువదు. చికిత్స నడుమ మానినచో ఆ రక్షణ పోవచ్చును. ఈ సంగతిని ఒంటరిగా చెప్పి, గంజాయి అలవాటును ఎ.ఆర్.టి. కేంద్రమందలి సలహాదారునితో దాచవద్దని చెప్పవలెను. దాచినచో వైద్యుడు మతిమరపునకు వేరు కారణము వెదకుచు కాలము గడపును.

ఒక్క సందర్భమున మాత్రము జాగు పనికిరాదు. జ్వరముతో విడువని తలనొప్పి, మాట తడబాటు, మూర్ఛ కనిపించినచో అది గంజాయి మత్తని వదలివేయరాదు. మెదడు పొరల వ్యాధి కావచ్చును. ఆ దినమే ఆసుపత్రికి చేర్చవలెను.

హెచ్.ఐ.వి. సలహాకు 1097, మత్తు మానుటకు 14446 అను ఉచిత ఫోను నంబర్లు గలవు. ఈ రెండింటిని పంచాయతీ కార్యాలయపు గోడపై, ఇతర నంబర్ల నడుమ వ్రాయించినచో, ఎవరు దేనికొరకు చూచుచున్నారో ఎవరికిని తెలియదు.