పల్నాటి పల్లెలలో పంతులుగారి స్థానము

పాఠశాలకు గదులు కట్టించుట, మంచినీరు సమకూర్చుట మన పంచాయతీలు ఎరిగిన పనులే. ఆ గదిలో నిలిచి బోధించు పంతులుగారికి తమ వృత్తిపై మక్కువ నిలిచియున్నదా యని విచారించుట మాత్రము అరుదు.

నేటి పల్నాడు జిల్లాలోని వినుకొండలో 1895లో జన్మించిన గుఱ్ఱం జాషువాగారు ఉపాధ్యాయులుగాను, తెలుగు పండితులుగాను పనిచేసిరి. అంతటి కవికిని కులము పేర అవమానములు తప్పలేదు. విద్వత్తు గురువుదే, మన్నన మాత్రము ఊరు ఇయ్యవలసినది.

మిరపకోతలు, పత్తితీతలు సాగు రోజులలో మన పిల్లలు కొందరు బడి మాని పొలమునకు పోవుదురు. నిన్నటి పాఠము విననివారికి నేటి పాఠము చెప్పవలసి వచ్చినప్పుడు ఎంత ఓపిక గలవారికైనను మనసు విరుగును. జీతము చాలని బాధకంటె ఇది లోతైనదని మా అభిప్రాయము. పంతులుగారు ఆ పిల్లల ఇండ్లకు వెళ్ళునపుడు సభ్యులలో ఒకరైనను వెంట నడువవలెను.

2009 నాటి విద్యాహక్కు చట్టము 27వ సెక్షను ప్రకారము జనగణన, విపత్తు సహాయము, ఎన్నికలు తప్ప ఇతర బోధనేతర కార్యములకు ఉపాధ్యాయులను నియోగించరాదు. కావున జాబితాలు, అర్జీలు వ్రాయించుటకు బడివేళ వారిని పిలిపించుట తగదు. పాఠశాల యాజమాన్య కమిటీలో ముందుగా వారి మాట వినుడు. హాజరుపట్టీతో సరిపెట్టక, వెనుకబడిన పిల్లవానికి చదువు వచ్చుటకు ఏ ఉపాయము పన్నిరో అడుగుడు. బదిలీపై వచ్చిన పంతులమ్మగారికి అద్దె ఇల్లు వెదకుటలో తోడ్పడుడు. మొదటి వారముననే ఊరివారికి పరిచయము చేయుడు.