ఎడ్లు తప్పిపోయాయా, తోలుకుపోయారా?

ఈసారి గోడపత్రికలో పోలీసులు కేసు ఎలా దర్యాప్తు చేస్తారో నేను రాస్తున్నాను. పోలీసు అంటే మనకు భయం కదా. మా ఊళ్ళోకి జీపు వస్తే పిల్లలందరూ ఇళ్ళల్లోకి ఉరుకుతారు. నేనూ ఉరికినదాన్నే. అయినా ఇది ఎందుకు నేర్చుకున్నానో ముందు చెప్తాను.

నేను ఆరో తరగతిలో ఉండగా ఒక రాత్రి మా ఎడ్లు రెండూ పోయాయి. తెల్లారి చూస్తే పలుపుతాళ్ళు కత్తితో కోసి ఉన్నాయి. బాట మీద బురదలో వ్యాను టైర్ల గుర్తులు ఉన్నాయి. మా అయ్య, మా మామ నడుచుకుంటూ స్టేషనుకు పోయారు. బయట ఒకాయన 50 రూపాయలు తీసుకుని అర్జీ రాసిపెట్టాడు. మేము ఇంట్లో కోయ మాట్లాడతాం, అయ్యకు తెలుగు కొంచెమే వచ్చు. "మా ఎడ్లు పోయాయి సారూ" అన్నాడంట. వేలిముద్ర వేయమంటే వేశాడు. లోపల అర్జీ తీసుకుని రెండో కాగితం మీద స్టాంపు కొట్టి ఇచ్చారు. మా ఊరికి మాత్రం ఎవరూ రాలేదు.

ఆ కాగితం రేషన్ కార్డు పెట్టే సంచిలో అలాగే ఉండిపోయింది. మా ఇంట్లో చదివేవాళ్ళు ఎవరున్నారు? ఈ దసరా సెలవుల్లో నేను తీసి చదివాను. "ఎడ్లు మేతకు వెళ్ళి తప్పిపోయినవి" అని ఉంది. తాళ్ళు కోసిన మాట లేదు, టైర్ల మాట లేదు. తెలుగులో పోయాయి అంటే దారి తప్పాయి అనీ వస్తుంది, దొంగలు తీసుకుపోయారు అనీ వస్తుంది. రాసినాయన మొదటిది రాశాడు. ఎద్దు తప్పిపోవడం నేరం కాదు. నేరమే లేకపోతే దర్యాప్తు ఎక్కడిది?

బడికి వచ్చాక మా సాంఘికం టీచరుగారిని అడిగాను. ఆమె చట్టం పుస్తకం తెచ్చి చూపించారు.

దర్యాప్తుకు మొదలు ఎఫ్.ఐ.ఆర్., అంటే ప్రథమ సమాచార నివేదిక. హత్య, దోపిడీ, ఎడ్ల దొంగతనం లాంటివి కాగ్నిజబుల్ నేరాలు. వీటికి కోర్టు అనుమతి కోసం ఆగకుండా పోలీసులే దర్యాప్తు మొదలుపెట్టవచ్చు. ఇలాంటి నేరం జరిగిందని చెప్తే ఎఫ్.ఐ.ఆర్. రాయాల్సిందేనని 2013లో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే కొత్త చట్టం వచ్చింది. అందులో ఇది 173వ సెక్షను, పాత చట్టంలో 154. కొత్త చట్టంలో కొన్ని నేరాలకు డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లోపు ముందస్తు విచారణ చేయవచ్చని కూడా ఉంది.

రెండు చట్టాల్లోనూ ఉన్న ఒక సంగతి నేను ఎర్ర సిరాతో రాస్తున్నాను, చూడండి. అర్జీ అక్కర్లేదు, నోటితో చెప్పినా చాలు. పోలీసులే రాసుకోవాలి. రాసింది చెప్పినవాళ్ళకు చదివి వినిపించాలి. సంతకం గానీ వేలిముద్ర గానీ ఆ తర్వాతే. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి.

మా పరిధి కాదు పొమ్మనడానికి కూడా లేదు. ఏ స్టేషనులోనైనా రాసుకుని అసలు స్టేషనుకు పంపాలి, దాన్ని జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. రాయం అంటే జిల్లా ఎస్పీకి పోస్టులో పంపవచ్చు. అప్పటికీ కాకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు.

ఎఫ్.ఐ.ఆర్. అయ్యాక పోలీసులు నేరం జరిగిన చోటికి వస్తారు. అక్కడ ముందు ఎవరూ తొక్కకుండా చూడాలి. మేమేం చేశామంటే ఊరంతా కొట్టం దగ్గర గుమికూడాం, టైర్ల గుర్తుల మీదే నడిచాం! మిగిలినవి సాయంత్రం వానకు పోయాయి. పోలీసులైతే ఫొటోలు తీస్తారు, స్థలం పటం గీస్తారు. దొరికిన వస్తువును జప్తు చేసి, సంచిలో పెట్టి సీలు వేస్తారు. చూసినదీ దొరికినదీ పంచుల ముందు రాస్తే అది పంచనామా. ఆ కోసిన తాళ్ళు కూడా సాక్ష్యమే. మా అమ్మ వాటిని ముడేసి మేకకు కట్టింది.

వేలిముద్ర సంగతి నాకు బాగా నచ్చింది. వేళ్ళ మీది గీతలు మనం పుట్టకముందే ఏర్పడతాయి, చచ్చేదాకా మారవు. మన హాస్టల్లో కవలలు ఉన్నారు కదా, ఇద్దరి బొటనవేళ్ళకూ సిరా పూసి లెన్సుతో చూశాం. ఒకామెకు సుడి ఉంది, ఇంకొకామెకు మెలిక. వార్డెనమ్మ సిరా చూసి తిట్టింది. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. ముద్రలను వరసపెట్టి వెతికే పద్ధతికి అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే మన దేశపు పోలీసు ఉద్యోగులు కష్టపడ్డారు. గరుకు తాడు మీద ముద్ర సరిగా పడదు. నున్నటి ఇనుప గడియ మీద పడుతుంది. మా కొట్టానికి ఇనుప గడియే. మా అయ్య వేలిముద్ర తీసుకున్నారు గానీ దొంగ వేలిముద్ర ఎవరూ వెతకలేదు.

సాక్షులను కూడా అడుగుతారు. ఆడవాళ్ళను, 15 ఏళ్ళలోపు మగపిల్లలను, 60 దాటిన ముసలివాళ్ళను ఇలా అడగడానికి స్టేషనుకు రమ్మనకూడదు, వాళ్ళుండే చోటికే రావాలి. సాక్షి చెప్పింది పోలీసులు రాసుకుంటే దాని మీద సాక్షి సంతకం పెట్టాల్సిన పని లేదు. అరెస్టు చేస్తే ఎందుకో చెప్పాలి, ప్రయాణం సమయం కాక 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. కొట్టి ఒప్పించడం తప్పు. అసలు పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నంత మాత్రాన కోర్టులో అది రుజువు కాదు. అన్నీ అయ్యాక చార్జిషీటు కోర్టుకు పోతుంది. కేసు ఎంతవరకు వచ్చిందో ఫిర్యాదు చేసినవాళ్ళకు 90 రోజుల్లో చెప్పాలని కొత్త చట్టంలో ఉంది.

సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు అయ్యకు ఇదంతా చెప్పాను. "ఇప్పుడు చదివితే ఎడ్లొస్తాయా?" అన్నాడు. నేనేం మాట్లాడలేదు. రాత్రి దీపం దగ్గర కూర్చుని, ఆ రోజు చెప్పాల్సిందంతా ఒక తెల్లకాగితం మీద రాశాను. ఏ రోజు, ఏ వేళ, ఆఖరున ఎవరు చూశారు, తాళ్ళు, టైర్లు, ఎడ్ల రంగు, ధర. రాసి, కోయలో చదివి వినిపించాను. అయ్య చివరిదాకా విని, "ఎర్రెద్దు ఎడమ చెవి చీలి ఉంటుంది, అది రాయలేదేం?" అన్నాడు.

అది కూడా రాసి, మళ్ళీ మొదటినుంచి చదివాను.

– 9వ తరగతి విద్యార్థిని