బిడ్డకు బీపీ అన్నప్పుడు

పదిహేనేళ్ల బిడ్డకు బీపీ 134/86 ఉందంటే తల్లిదండ్రులకు నమ్మబుద్ధి కాదు. "ఇంత చిన్న వయసులో బీపీ ఏంటి డాక్టరు గారూ?" అంటారు. ఆ కంగారు మనందరిదీ. అందుకే ముందు ధైర్యం చెప్పుకుందాం. ఒక్కసారి చూసిన అంకెతో ఏదీ తేలదు. ఆసుపత్రి అంటే భయం ఉన్నా, మెట్లెక్కి ఆయాసంతో వచ్చినా బీపీ పెరుగుతుంది. ఐదు నిమిషాలు నిమ్మళంగా కూర్చోబెట్టి, చేతి లావుకు సరిపోయే పట్టీ కట్టి చూడాలి. పదమూడేళ్లు నిండిన పిల్లల్లో పై అంకె 130 గానీ, కింది అంకె 80 గానీ, అంతకు మించి గానీ మూడు వేర్వేరు రోజుల్లో కనిపిస్తేనే అధిక రక్తపోటు అంటాం.

ఇక కష్టమైన నిజం. బీపీ ఉన్నా చాలామంది పిల్లలకు ఏ బాధా తెలియదు. చూస్తే తప్ప బయటపడదు. 2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 10 నుంచి 19 ఏళ్ల వారిలో సుమారు 5 శాతం మందికి అధిక రక్తపోటు కనిపించింది. అరవై మంది కూర్చునే క్లాసులో ముగ్గురన్నమాట.

ఎందుకొస్తుంది? హైదరాబాద్‌లో బషీర్‌బాగ్, ఆబిడ్స్, నాంపల్లి వైపు చదువుకునే పిల్లల రోజు చూస్తే సగం జవాబు దొరుకుతుంది. ఎల్బీ స్టేడియం, నిజాం కాలేజీ మైదానం పక్కనుంచే ఆటోలో ట్యూషన్‌కు వెళ్తారు, ఆడుకునే వేళ మాత్రం ఉండదు. సాయంత్రం ఆకలికి బండి మీద మిర్చి బజ్జీ, నూడుల్స్, లేదంటే చిప్స్ ప్యాకెట్. రాత్రి అన్నంలో ఆవకాయ, అప్పడం. పన్నెండు దాకా పుస్తకం, తర్వాత కాసేపు ఫోను. తెల్లవారకముందే మనం మళ్లీ లేపుతాం.

ఒంట్లో ఉప్పు ఎక్కువైతే నీరు నిలిచి రక్తనాళాల మీద ఒత్తిడి పెరుగుతుంది. బరువు పెరిగితే మూత్రపిండాలు ఉప్పును సరిగా బయటికి పంపలేవు. ఈ వయసుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. అది తగ్గితే రాత్రి దిగాల్సిన బీపీ సరిగా దిగదు. అమ్మకో నాన్నకో బీపీ ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ. కొందరిలో మూత్రపిండాల జబ్బు కారణం కావచ్చు, అందుకే డాక్టరు రాసిన పరీక్షలు వాయిదా వేయొద్దు. గట్టిగా గురక పెట్టడం, ఎనర్జీ డ్రింకులు తాగడం, సిగరెట్ అలవాటు వంటివి ఉంటే దాచకుండా డాక్టరుతో చెప్పాలి.

ఇప్పుడు బిడ్డ మనసులోకి తొంగిచూద్దాం. మార్కుల బెంగ ముందే ఉంది. దానికి తోడు బీపీ అన్న మాట చెవిన పడగానే "నాకేమైనా అవుతుందా? అమ్మానాన్నలకు ఇంకో ఖర్చు తెచ్చిపెట్టానా?" అని లోలోపల నలిగిపోతారు. చుట్టాల ముందు "అంత లావయ్యావు, తిండి తగ్గించు" అంటే ఆ సిగ్గుతో చాటుగా తినడం మొదలుపెడతారు. చదువుకునే బిడ్డ అని గదిలోకే కంచం తెచ్చిపెట్టేదీ ప్రేమతోనే, పరీక్షలని ఆట మానిపించేదీ ప్రేమతోనే. ఆ ప్రేమ చూపించే తీరును మాత్రం కాస్త మార్చుకుందాం.

బిడ్డకొక్కరికే పథ్యం పెడితే శిక్షలా తోస్తుంది. పెద్దలకు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాకు మించి ఉప్పు వద్దని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. కనుక ఇంట్లో అందరి కూరలోనూ ఉప్పు తగ్గిద్దాం. ఆవకాయ రోజూ కాకుండా ఎప్పుడైనా వేసుకుందాం. ట్యూషన్‌కు వెళ్లేటప్పుడు ఉప్పు చల్లని పల్లీలో, ఒక జామకాయో సంచిలో పెడదాం. చదువు ఎంతున్నా రోజూ గంట ఆట ఉండాలి. ఆదివారం పొద్దున పబ్లిక్ గార్డెన్స్‌కు మనమూ కలిసి నడుద్దాం. రాత్రి పదిన్నరకు ఫోన్లన్నీ హాల్లోనే, మనవి కూడా.

ఇంత చేసినా కొందరికి మందు అవసరమవుతుంది. అది మీ పెంపకంలో లోపం కాదు. డాక్టరు చెప్పకుండా ఆ మందు ఆపొద్దు, రోజుకు నాలుగుసార్లు బీపీ చూసి బిడ్డను బెదరగొట్టొద్దు.

ఈ వారమే ఇంటిల్లిపాదీ వెళ్లి బీపీ చూపించుకుందాం. పట్టీ ముందు నాన్న చేతికి, తర్వాత అమ్మ చేతికి కట్టించుకోండి. అప్పుడు బిడ్డ తన వంతు వచ్చినప్పుడు జబ్బు మనిషిలా కాకుండా మీలో ఒకరిగా చేయి చాస్తుంది.