నీటిలో దాగిన నిప్పు

నీరు ప్రాణాధారం. విద్యుత్తు నేటి జీవనానికి ఆధారం. ఈ రెండూ తమ తమ హద్దులలో ఉన్నంతవరకు మనిషికి మేలు చేస్తాయి. హద్దు దాటి కలిస్తే ప్రాణం తీస్తాయి. బోరుబావుల మీద ఆధారపడి సేద్యం చేసే రాయలసీమ రైతుకు ఈ సంగతి కొత్త కాదు. తడి కాళ్ళతో మోటారు స్టార్టరును తాకరాదని పల్లెలలో పెద్దలు పిల్లలకు చెబుతూనే ఉంటారు. పొలం దగ్గర పాటించే ఈ జాగ్రత్త ఇంట్లోని అందమైన చేపల తొట్టి దగ్గర మాత్రం చాలామందికి గుర్తుకు రాదు.

చేపలను గాజు తొట్టెలలో పెంచే పద్ధతి పందొమ్మిదవ శతాబ్దంలో ప్రాచుర్యం పొందింది. 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో ప్రజల సందర్శనార్థం చేపల గృహాన్ని తెరిచారు. 1854లో ప్రకృతి శాస్త్రవేత్త ఫిలిప్ హెన్రీ గోస్ రచించిన గ్రంథం ద్వారా ‘అక్వేరియం’ అనే పదం బాగా వ్యాప్తిలోకి వచ్చింది. ఆనాటి తొట్టెలకు విద్యుత్తుతో పని లేదు. నేటి ఉప్పునీటి తొట్టికి విద్యుత్తే ఊపిరి.

వడమాలపేట తిరుపతి నుంచి పుత్తూరు మీదుగా చెన్నైకి వెళ్ళే రహదారి మీద ఉంది. అక్కడ సముద్రం లేదు. అయినా అలంకార చేపల వ్యాపారానికి పేరొందిన కొళత్తూరు ఉన్న చెన్నైకి దారి అదే. ఆ ఊరిలో ఒక ఇంట నూరు లీటర్ల ఉప్పునీటి తొట్టిని అమర్చారనుకుందాం. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అంటే ఆ తొట్టిలో దాదాపు మూడున్నర కిలోల ఉప్పు కరిగి ఉంటుంది. సముద్రపు చేపలకు, పగడపు జీవులకు 25 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా ఉండే నీరు అనుకూలం. ఈ ప్రాంతపు ఎండలు వేసవిలో 40 డిగ్రీలు దాటుతాయి కనుక నీటిని చల్లబరిచే చిల్లరు కావాలి. నీటిని కదిలించే పంపు, శుద్ధిచేసే ఫిల్టరు, పైన దీపాలు కూడా తప్పవు. ఇలా ఒక్క తొట్టి చుట్టూ నాలుగైదు తీగలు చేరుతాయి.

ఈ పరికరాలు చెడిపోవడానికి కారణాలు స్పష్టమైనవే. ఉప్పునీరు లోహాన్ని తినివేస్తుంది. పంపులోని సీలు అరిగితే నీరు లోపలి తీగచుట్టను చేరుతుంది. హీటరు వాడేచోట నీటిమట్టం తగ్గితే దాని గాజు గొట్టం గాలిలో మితిమీరి వేడెక్కుతుంది. మళ్ళీ చల్లని నీరు తగలగానే అది పగులుతుంది. తొట్టి నుంచి ఎగిరే తుంపరలు ఆరి, ప్లగ్గుల మీద తెల్లని ఉప్పు పేరుకుంటుంది. అది తేమను పీల్చి, విద్యుత్తుకు దారి ఇచ్చి, చివరకు నిప్పు రాజేస్తుంది. కరెంటు పోయినప్పుడు పంపు ఆగి, పై తొట్టిలోని నీరు కింది తొట్టిలోకి దిగి పొంగవచ్చు. నేల మీద ఉన్న జంక్షన్ బాక్సు అప్పుడు తడుస్తుంది.

తీగ తెగి నీటిలోకి విద్యుత్తు చేరినా చేపలు మామూలుగానే ఈదుతూ ఉండవచ్చు. విద్యుత్తు స్తంభాల నడుమ తీగపై వాలిన పిచ్చుకకు ఏమీ కాదు. ప్రవాహం దాని శరీరం గుండా నేలకు చేరే దారి లేకపోవడమే కారణం. తొట్టిలోని చేప స్థితీ అదే. కాని తడి నేల మీద వట్టి కాళ్ళతో నిలిచిన మనిషి ఆ నీటిలో చేయి పెట్టగానే దారి పూర్తవుతుంది. చేప బతికి ఉంది కనుక నీరు క్షేమమని తలచడం ప్రాణాంతకమైన భ్రమ.

మన ఇళ్ళలో విద్యుత్పీడనం 230 వోల్టులు. తడిసిన శరీరపు నిరోధం సుమారు 1000 ఓములు అనుకుంటే, ఓం నియమం ప్రకారం శరీరం గుండా 230 మిల్లీ ఆంపియర్ల ప్రవాహం పోతుంది. గుండె లయ తప్పడానికి అందులో కొంత భాగమే చాలు. ఆరు ఆంపియర్ల ఎం.సి.బి. దీన్ని గుర్తించదు. అది తీగలను కాపాడే సాధనమే గాని మనిషిని కాపాడేది కాదు. మనిషిని కాపాడేది ఆర్.సి.సి.బి. ఫేజు తీగలో వెళ్ళిన ప్రవాహం, న్యూట్రల్‌లో తిరిగివచ్చిన ప్రవాహం సమానంగా ఉన్నాయా అని అది నిరంతరం సరిచూస్తుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే రెప్పపాటులో సరఫరాను ఆపివేస్తుంది. దానిపై ఉన్న పరీక్ష మీటను నెలకొకసారి నొక్కి చూడాలి.

ఎర్తింగు దీనికి తోడు నిలవాలి. పరికరం లోహపు తొడుగుకు విద్యుత్తు సోకితే ఎర్తు తీగ దానికి వేరే దారి చూపుతుంది. మనిషి తాకకముందే ఆర్.సి.సి.బి. పని చేస్తుంది. మూడు పిన్నుల ప్లగ్గులో పొడవైన పిన్ను అందుకే ఉంది. దాన్ని విరిచివేయడం, ప్లగ్గు లేకుండా వట్టి తీగలను అగ్గిపుల్లలతో సాకెట్టులో బిగించడం ప్రాణంతో చెలగాటమే.

ఖర్చు లేని జాగ్రత్తలూ ఉన్నాయి. జంక్షన్ బాక్సును నేలకు ఎత్తుగా, తొట్టికి పక్కగా గోడకు బిగించాలి. తీగను సాకెట్టు కంటే కిందికి వేలాడేలా వంచి, ఆపై ప్లగ్గులోకి తేవాలి. అప్పుడు తీగ వెంట జారే నీటిచుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. అన్నిటికంటే ముఖ్యమైనది, నీటిలో చేయి పెట్టేముందు ప్లగ్గులన్నీ తీసివేయడం. స్విచ్చి ఆపితే సరిపోదు. స్విచ్చిని న్యూట్రల్ తీగకు కలిపి ఉంటే, ఆపిన తరువాత కూడా పరికరంలో విద్యుత్తు ఉంటుంది.

ఎవరికైనా విద్యుద్ఘాతం తగిలితే తొందరపడి వారిని చేతితో పట్టుకోకూడదు. మొదట మెయిన్ స్విచ్చి ఆపాలి. అది వీలు కాకపోతే ఎండిన కర్రతో వారిని తీగ నుంచి వేరు చేయాలి. వెంటనే 108కి ఫోన్ చేయాలి. శ్వాస ఆగితే, తెలిసినవారు ఛాతీపై ఒత్తిడి కలిగిస్తూ సహాయం వచ్చేదాకా ప్రయత్నం ఆపకూడదు.

తొట్టిలోని చిన్న సముద్రం ఇంటికి అందం. దాన్ని పోషించే చేయి క్షేమంగా ఉంటేనే ఆ అందానికి అర్థం. పొలంలో రైతు స్టార్టరు ముందు ఒక క్షణం ఆగి కాళ్ళు చూసుకుంటాడు. ఆ ఒక్క క్షణపు ఆలోచన ఇంట్లోనూ అలవడితే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి.

ప్రశ్నలు

1. చేపలు బతికి ఉన్నంత మాత్రాన తొట్టిలోని నీరు క్షేమమని ఎందుకు చెప్పలేము?
2. ఎం.సి.బి.కి, ఆర్.సి.సి.బి.కి గల తేడాను వివరించండి.
3. ఉప్పునీటి తొట్టిలో పరికరాలు చెడిపోవడానికి గల కారణాలను రాయండి.
4. విద్యుద్ఘాతానికి గురైన వ్యక్తిని ఎలా కాపాడాలి?