పార్కు గేటు మళ్ళీ తెరవడం ఎలా?

పేటలోని పార్కుకు తాళం వేయడం తేలిక. మహమ్మారి ఇంకా పోకముందే ఆ తాళం తీయవలసి వచ్చినప్పుడే అసలు ఆలోచన కావాలి. కోవిడ్-19ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న మహమ్మారిగా పేర్కొంది. అదే నెల 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్ అమలై పార్కులు మూతపడ్డాయి. 2023 మే 5న ఆ సంస్థ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. కానీ మరో మహమ్మారి రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు కదా! అందుకే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ విషయం చదివి ఉంచుకోవడం మంచిది.

పార్కు అంటే డబ్బున్నవారి కాలక్షేపం అని మనలో కొందరు అంటారు. నేను ఒప్పుకోను. మేడ ఉన్నవారు మేడ మీద నడుస్తారు. ఒక్క గదిలో అయిదుగురు ఉండే ఇంట్లో షుగర్ ఉన్న పెద్దాయన ఎక్కడ నడవాలి? మా నాన్నకూ షుగరే. పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

ఇక శాస్త్రం. మనం మాట్లాడినా, దగ్గినా నోటి నుండి తుంపరలు వస్తాయి. పెద్దవి దగ్గర్లోనే నేల మీద పడతాయి. మరీ సన్ననివి గాలిలో తేలుతూ ఉంటాయి. మూసిన గదిలో ఊదుబత్తి వెలిగిస్తే పొగ గది నిండా కమ్ముకుంటుంది. అదే ఆరుబయట వెలిగిస్తే క్షణాల్లో చెదిరిపోతుంది. సన్నని తుంపరల సంగతీ అంతే. అందుకని ఎడంగా నడిచేవారికి ప్రమాదం చాలా తక్కువ. బెంచీ మీద ఆనుకుని కూర్చుని గంటసేపు ముచ్చట్లాడేవారికే ఎక్కువ. కూర్చునేవారి కోసం న్యూయార్క్‌లోని డోమినో పార్కులో 2020 మే నెలలో గడ్డి మీద తెల్లని వలయాలు గీశారు. సున్నంతో మనమూ గీయవచ్చు.

అసలు చిక్కు వేళలతో వస్తుంది. 2020 మే నెలలో కర్ణాటకలో పార్కులను ఉదయం 7 నుండి 9 వరకు, సాయంత్రం 5 నుండి 7 వరకు తెరవడానికి అనుమతించారు. తక్కువసేపు తెరిస్తే జాగ్రత్త ఎక్కువ అనిపిస్తుంది. లెక్క వేసి చూద్దాం. నడకదారి 400 మీటర్లు, రోజుకు వచ్చేవారు 300 మంది, ఒక్కొక్కరు అరగంట నడుస్తారనుకోండి. మొత్తం 2 గంటలే తెరిస్తే ఒకేసారి 75 మంది లోపల ఉంటారు, మనిషికి 5 మీటర్ల పైచిలుకు దారి వస్తుంది. 6 గంటలు తెరిస్తే 25 మందే, మనిషికి 16 మీటర్లు. అంటే వేళలు కుదిస్తే గుంపు పెరుగుతుంది! పైగా ఉదయం 7కు తెరిస్తే కూలి పనికి పోయేవారికి అసలు వీలే కాదు. తెల్లవారుజామున 5కే తీయాలని నా అభిప్రాయం.

దారి ఇరుకైతే అందరూ ఒకే దిక్కున నడవాలి. రెండు గేట్లుంటే ఒకటి లోనికి, ఒకటి బయటికి. గేటు దగ్గర గుంపు కడతారు కనుక మాస్కు అక్కడ ఎక్కువ అవసరం. నుదుటి మీద జ్వరం చూసే యంత్రాన్ని మాత్రం అతిగా నమ్మరాదు. జ్వరం రాకముందే రోగం అంటించేవారున్నారు.

మందు చల్లడం గురించి కొంచెం చెప్పాలి. 2020 మార్చి నెలాఖరులో బరేలీలో ఊళ్ళకు తిరిగివచ్చిన వలస కూలీలను నేల మీద కూర్చోబెట్టి రసాయనం చల్లారు. పిల్లలనూ వదలలేదు. కార్లలో తిరిగేవారి మీద ఎవరైనా అలా చల్లుతారా? మనుషుల మీద ఎట్టి పరిస్థితుల్లోనూ చల్లరాదనీ, వీధుల్లో చల్లినా ప్రయోజనం లేదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మే నెలలోనే చెప్పింది. వస్తువులను తాకడం వల్ల వ్యాధి సోకే అవకాశం చాలా తక్కువని తరువాత తేలింది. ఆ మందు డబ్బుతో గేటు దగ్గర ఒక కుళాయి, సబ్బు పెడితే ఊడ్చే అమ్మలకూ, తోటమాలికీ పనికివస్తాయి. రోజంతా అక్కడ ఉండేది వాళ్ళే.

సెలవుల్లో ఒక పని చేయండి. మీ ఊరి పార్కు దారినో, మన హాస్టల్ గ్రౌండునో తాడుతో కొలిచి పై లెక్క మీరే కట్టండి. కట్టేముందు కాపలా ఆయనను అడగండి. ఏ వేళకు ఎందరు వస్తారో ఆయనకే బాగా తెలుసు.